పియానో ఆవిడ

“ఝాన్సీ, ఇంట్లో ప్లాస్టర్ ఉందా?” అని నరేంద్ర ముందు గదిలోంచి కేకేసేసరికి ఝాన్సీలక్ష్మి బజ్జీ మిరపకాయలకు గాట్లు పెడుతోంది.

“ఎవరికి దెబ్బ తగిలిందండీ?”

“పెద్దదేం కాదులే. చిన్న ముక్క చాలు.”

చేతులు కడుక్కుని, మందుల డబ్బాలోంచి ప్లాస్టర్ తీసి, కర్టెన్ సందులోంచి అందించి వచ్చింది. ఆదివారాలు ముందు గదిలో ఎవరికైనా దెబ్బ తగిలినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ముగ్గురు మగాళ్ళు, తామెన్నడూ చూడని కొందరు ఇంగ్లీషువాళ్ళ కోసం, బందరులో కూర్చుని మూడేళ్ళుగా కొట్టుకు చస్తున్నారు.

ఆ ఇంగ్లీషువాళ్ళది టిన్ లాంటర్న్ అనే రాక్ బ్యాండు. పుట్టి ముప్ఫై ఏళ్ళయింది. మనుషులు మారుతూ వచ్చారు, పేరు మాత్రం మారలేదు. ఇంతవరకూ ఝాన్సీకి వింతేమీ కనపడలేదు, ఇళ్ళూ అలాగే నడుస్తాయి. మొదటి లైనప్, అంటే మొదట్లో ఉన్న జట్టు, నెమ్మదిగా బ్లూస్ వాయించేది. ఒకే బాధను పట్టుకుని, తిప్పి తిప్పి చెప్పుకునే పాటలు. రెండు రికార్డుల తర్వాత గిటారు మారింది, గొంతు మారింది, స్టేడియాలు నిండాయి. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే గోవర్ధనరావు రెండో లైనప్ మనిషి. నరేంద్ర మూడో లైనప్ మనిషి. గుడివాడ నుంచి వచ్చే ప్రకాష్ మాత్రం నోట్లో బజ్జీ ఉన్నంతసేపూ అందరితోనూ ఏకీభవిస్తాడు. మొదటి లైనప్‌ను ఎవరూ పట్టించుకోరు. “అవి పాటలా, ఏడుపులా?” అంటాడు నరేంద్ర. రొయ్యలు బాగా పండిన ఏడాది కృత్తివెన్ను చెరువుల డబ్బుతో పెద్ద స్టీరియో కొన్నాడు. తర్వాత రొయ్యలకు తెగులొచ్చింది, చెరువులు పోయాయి, స్టీరియో మిగిలింది. దానితోపాటు అభిప్రాయాలూ మిగిలాయి.

ఆ మొదటి రెండు రికార్డుల్లో మార్గరెట్ అనే ఆవిడ పియానో వాయించింది. ఆవిడ ఎడమ చెయ్యి లేకపోతే ఆ పాటలు నిలబడవని ఝాన్సీ నమ్మకం. వీళ్ళు మాత్రం లైనప్ చెప్పేటప్పుడు నలుగురు మగాళ్ళ పేర్లు చెప్పి ఆగిపోతారు. పోయిన నెల టీ అందిస్తూ, “మరి పియానో ఆవిడ?” అని అడిగింది. “ఆవిడ మెంబరు కాదు చెల్లెమ్మా, గెస్టు” అన్నాడు గోవర్ధనరావు. ప్రతి పాటకీ చాకిరీ చేసిన మనిషి గెస్టెలా అవుతుందో అడుగుదామనుకుంది. ఇంతలో నరేంద్ర టీ చప్పరించి, “పంచదార తగ్గింది” అన్నాడు.

ఆ రెండు రికార్డుల పాటలూ ఝాన్సీ దగ్గర ఒకే ఒక్క క్యాసెట్లో ఉన్నాయి. విశాఖపట్నంలో ఎమ్మే చదివేటప్పుడు హాస్టల్లో తన గదిలో సత్యవేదం అనే స్నేహితురాలు ఉండేది. సత్యవేదం వాళ్ళన్న ఓడల్లో పనిచేస్తూ ఆ రికార్డులు తెచ్చాడు. కిటికీలు మూసి, రికార్డు ప్లేయరు పక్కన టేప్‌రికార్డరు పెట్టి, ఊపిరి బిగబట్టి ఇద్దరూ ఎక్కించుకున్నారు. పెళ్ళయ్యాక దాన్ని విన్నదెన్నిసార్లు? స్టీరియో ముందు గదిలో ఉంటుంది. ముందు గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. ఎవరూ లేకపోతే అత్తగారి నిద్ర ఉంటుంది. వినకపోయినా బీరువాలో చీరల కింద అది ఉందన్న ధైర్యం ఉండేది. ప్రకాష్ ఈవేళ ఏదో కచేరీ క్యాసెట్ తెస్తున్నాడనీ, సాయంత్రానికల్లా తిరిగిచ్చెయ్యాలనీ, ఖాళీ క్యాసెట్ కావాలనీ పొద్దున నరేంద్ర అడిగినప్పుడు, “లేదండీ. నా పాతది మాత్రం ముట్టుకోకండి” అంది. “సరే సరే” అన్నాడు. అయినా ముట్టుకుని ఏం చేస్తాడు? క్యాసెట్ పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కల్నీ హాస్టల్లోనే పిన్నీసుతో విరిచేసింది. అవి విరిస్తే ఇక దానిమీద ఎవరూ ఏదీ రికార్డు చెయ్యలేరు. ఆ కన్నాల మీద ఏదైనా అంటిస్తే తప్ప.

కత్తి ఆగింది.

అప్పుడే దించిన వాయి పళ్ళెంలో వేసుకుని ముందు గదిలోకి వెళ్ళింది. ఎవరి వేలికీ దెబ్బ లేదు. స్టీరియోలో రెండు క్యాసెట్లు తిరుగుతున్నాయి, ఎర్ర దీపం వెలుగుతోంది. కుడివైపు క్యాసెట్ మీద తన చేతిరాత. దాని పైన గోధుమరంగు ప్లాస్టర్.

“అది నా క్యాసెటండీ.”

నరేంద్ర స్నేహితుల వైపు చూసి నవ్వాడు. “బీరువాలో పడుందిగా. వినేదెప్పుడు నువ్వు? రేపు పది కొనిపెడతా.”

“మూడో లైనప్ ఆఖరి కచేరీ చెల్లెమ్మా. బయటెక్కడా దొరకదు” అన్నాడు గోవర్ధనరావు.

“ఆరింటి బస్సుకెళ్ళి ఇచ్చెయ్యాలక్కయ్యా. లేకపోతే నేనే ఆగుదును” అన్నాడు ప్రకాష్, పళ్ళెం అందుకుంటూ.

“ఆపండి” అంది. గొంతు తను అనుకున్నంత గట్టిగా రాలేదు.

“నూనె మాడుతోందమ్మాయ్!” లోపల్నుంచి అత్తగారు కనకమహాలక్ష్మి. “మగాళ్ళ మాటల్లో నీకేం పని?”

ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. వెనక్కి నడుస్తుంటే వీపు మీద ఆ క్యాసెట్ తిరుగుతున్నట్టే ఉంది ఝాన్సీకి. ఈపాటికి టేపులో పడ్డ హాస్టల్ కిటికీ చప్పుడు పోయుంటుంది. సత్యవేదం మంచం కిర్రుమనడం చెరిగిపోతూ ఉంటుంది. స్టవ్ ఆర్పింది. ఆగకుండా పెరటి వసారాలోకి వెళ్ళింది. మీటరు బోర్డు అక్కడే. ఈ ఇంట్లో ఫ్యూజు పోయినప్పుడల్లా తీగ కట్టేది తనే. బోర్డంటే నరేంద్రకు భయం, పైకి మాత్రం “నీకలవాటు కదా” అంటాడు. అలవాటు కాబట్టి తడుముకోలేదు. మెయిన్ దించి, పింగాణీ ఫ్యూజు లాగేసింది.

“పోయింది!” ముందు గదిలో మూడు గొంతులు ఒక్కసారి అన్నాయి. ఫ్యాను నెమ్మదించి ఆగింది. ఎండాకాలం మధ్యాహ్నం, కరెంటు పోవడం ఎవరికీ వింత కాదు. కాసేపు విసురుకున్నారు. తర్వాత ప్రకాష్‌కు అనుమానమొచ్చింది.

“పక్కింట్లో టీవీ మోగుతోందేంటి బావా?”

“ఫ్యూజు పోయుంటుంది. ఝాన్సీ! ఫ్యూజు చూడు!”

“చూస్తూనే ఉన్నానండీ” అంది ఝాన్సీ, దాన్ని చేతిలో తిప్పుతూ.

టీ కాచింది. మూడు కప్పులు ట్రేలో పెట్టి, నాలుగో కప్పు ఉండాల్సిన చోట ఫ్యూజు పెట్టి పట్టుకెళ్ళింది.

“ఏంటిది? ఇదిక్కడెందుకుంది?”

“నా క్యాసెట్ అక్కడెందుకుందో అందుకేనండీ.”

గోవర్ధనరావు కప్పు తీసుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నరేంద్ర మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించి, “నలుగురిలో పరువు తీస్తావా?” అన్నాడు.

“ఇద్దరే ఉన్నారండీ.”

ప్రకాష్ గడియారం చూసుకున్నాడు. నరేంద్ర ఆమె వంక చూడకుండా మీటలు నొక్కి, క్యాసెట్ తీసి ట్రేలో పడేశాడు. ఝాన్సీ ప్లాస్టర్ పీకి, ఉండచుట్టి, అతని సాసరులో పెట్టింది. పెరట్లోకెళ్ళి ఫ్యూజు పెట్టి వచ్చింది. ఫ్యాను తిరిగింది. పీడ వదిలిందన్నట్టు ముగ్గురూ కప్పులందుకున్నారు. ఆమె నేరుగా స్టీరియో దగ్గరకెళ్ళి, తన క్యాసెట్ పెట్టి, మొదటికంటా వెనక్కి తిప్పి, మీట నొక్కింది. ఖాళీగా ఉన్న పేము కుర్చీలో కూర్చుంది. ముగ్గురూ ఆ కుర్చీ వంకే చూశారు, ఆమె దాన్ని బయటినుంచి తెచ్చినట్టు.

వేలమంది కేకలు వినపడ్డాయి. మూడో లైనప్ డ్రమ్ములు. మార్గరెట్ మొదటి పాట ఉండాల్సిన చోటది. ఝాన్సీ కొంగు పిడికిట్లో నలిగింది. అది ఇక ఎప్పటికీ రాదు. కేకలు సాగుతూనే ఉన్నాయి. తర్వాత టక్కుమని ఆగిపోయి, ఆ పాట చివర నాలుగు మెట్లు, పియానో ఒక్కటే, మెల్లగా దిగి నిలిచాయి. రికార్డు గీరుకున్న చప్పుడు. ఎక్కడో తలుపు కొట్టుకుంది. తర్వాత పకపకా నవ్వుతూ, ఎవరి అనుమతీ అక్కర్లేని ఒక గొంతు:

“సత్యా, ఆపకే! మళ్ళీ పెట్టు. నేను చెప్తున్నాగా, పెట్టు!”

గుమ్మంలోకొచ్చిన కనకమహాలక్ష్మి ముక్కున వేలేసుకుంది. నరేంద్ర కనుబొమలు ముడిచి స్టీరియో వంక చూశాడు.

“ఎవరా అమ్మాయి?”

“ఫస్ట్ లైనప్ అండీ” అంది ఝాన్సీ, సౌండు కొంచెం పెంచుతూ.