ఎడమచేతి సంతకం

అక్షరాలన్నీ ఒకవైపుకే వాలుతున్నాయి, ఎంత కూర్చోబెట్టినా కూర్చోవు, అయినా ఇరవై రోజుల కిందటి కంటే నయం, అప్పుడు నేను రాసిన నా పేరు చూసి నర్సు ఇదేం భాషమ్మా అంది, నేను నవ్వాను, అన్నయ్య నవ్వలేదు, మళ్ళీ రాయి అన్నాడు, రోజూ షిఫ్టు దిగగానే నూనె మరకల చొక్కాతోనే ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కకి స్టూలు లాక్కుని, నా ఎడమ మణికట్టు పట్టుకుని నోటుబుక్కులో దిద్దించేవాడు, చిన్నప్పుడు నాకు పలక మీద దిద్దించిందీ తనే, అప్పుడు తప్పు రాస్తే మొట్టికాయ పడేది, ఇప్పుడు విసుక్కోను కూడా లేదు, వదినతో ఇంత ఓపిగ్గా ఏనాడూ మాట్లాడి ఉండడు, మీ అన్నకి నువ్వంటే ప్రాణం అన్నాడు మా ఆయన, అవును కదా అనుకున్నాను, పొంగిపోయాను కూడా.

ఇవాళ మా ఇంట్లో, బల్ల మీద, నోటుబుక్కు లేదు, టైపు చేసిన కాగితం ఉంది, అన్నయ్య అడుగున గీత చూపించి ఇక్కడ పెట్టమ్మా అంటున్నాడు, పైన ఏముందో చదివాను, కళ్ళకేం కాలేదు కదా, కుడి బటన్‌కి చెక్కముక్క నేనే సొంతంగా బిగించానట, నా అజాగ్రత్త వల్లే కుడిచేతి మూడు వేళ్ళు పోయాయట, కంపెనీని ఏమీ అడగనట, రేకు మూతలు కొట్టే ప్రెస్ మీద రెండు బటన్లు, రెండు చేతులూ రెండిటి మీదా ఉంటేనే అచ్చు కిందికి దిగుతుంది, చేతులు దాని కింద ఉండకూడదనే ఆ ఏర్పాటు, కుడి బటన్‌ని చెక్కముక్కతో నొక్కి పెట్టేస్తే కుడిచెయ్యి ఖాళీ, ఆ చేత్తో రేకు పెట్టు, ఎడమచేత్తో నొక్కు, పెట్టు, నొక్కు, డబ్బా మూతలు రెట్టింపు, చెయ్యి తిరిగిన పనిదానివే అని మేనేజరు మెచ్చుకున్నాడొకసారి, ఇప్పుడైతే ఏమంటాడో.

ఏంటి ఆలోచిస్తున్నావ్ అంటున్నాడు అన్నయ్య, ప్యాకింగులో కూర్చునే పని ఇస్తామన్నారు, కేసంటే అదీ ఉండదు, ఫోర్‌మన్‌ని నేను, ముందు నా మెడ మీదకే వస్తుంది, పిల్లలున్నారు నాకు, సరే, నాకూ ఉన్నారు, యూనియన్ ఆఫీసులో కళ్ళజోడావిడ ఇంకోలా చెప్పింది, ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టావో నీ కేసుకి నువ్వే నీళ్ళు వదులుకున్నట్టు, సోమవారం విచారణలో ఉన్నదున్నట్టు చెప్పు చాలు అంది, ఉన్నదున్నట్టు, ఏం జరిగిందమ్మా అని తనూ అడిగింది, అడగనిదెవరు, డాక్టరు అడిగాడు, నర్సు అడిగింది, పక్క మంచమావిడ తన నొప్పి పక్కన పెట్టి మరీ అడిగింది, అత్తయ్య నాలుగుసార్లు అడిగి నాలుగుసార్లూ ఏడ్చింది, ఆటో అబ్బాయి అద్దంలోంచి అడిగాడు, అందరికీ ఒకటే చెప్పాను, మెషీన్ పడింది అని, అన్నయ్యకి మాత్రం ఏం చెప్పాను, ఏమీ చెప్పలేదు, ఎందుకంటే అన్నయ్య అడగలేదు.

ఇరవై రోజులు, అంత దగ్గరగా కూర్చుని, ఒక్కసారి కూడా అడగలేదు.

ఎందుకు అడుగుతాడు, ఆ రోజు ఆర్డరు ఆలస్యమవుతోందని పరుగున వచ్చి చెక్కముక్క బిగించి, ఊఁ కానివ్వు అన్నది తనే కదా, అది నాకెప్పుడూ తెలుసు, తెలిసీ ఎవరికీ చెప్పలేదు, అన్నయ్య కదా అని, ఇప్పుడు నా మణికట్టు పట్టుకున్నాడు, వణక్కుండా రావాలని, ఇన్నాళ్ళ దిద్దుడూ ఈ గీత మీద రాయడానికేనన్నమాట, నా మీద ప్రేమ లేదని కాదు, ఉంది, దానికంటే భయం ఎక్కువ ఉంది, నాకు కోపం రావాలి, రావడం లేదు, జాలి వేస్తోంది, జాలితో సంతకాలు పెట్టకూడదు, చెయ్యి తియ్యి అన్నయ్యా అన్నాను, తీశాడు, కాగితం తన వైపు జరిపాను, ఎందుకని అడగలేదు, అదీ అడగలేదు, సోమవారం నేనేం చెబుతానో అన్నయ్యకి మొదటి రోజు నుంచీ తెలుసు, నాకే ఇప్పుడు తెలిసింది.