తెర చాటు చెయ్యి

నేను పాప గుడ్డలు మడతపెడుతుంటే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. కాన్పుకు చేరినప్పుడు రాయించింది నా నంబరే అయినా, తీసింది మా ఆయన. స్పీకర్ పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మా దగ్గర కాన్పు మీకు తృప్తిగా జరిగిందా అని కొన్ని ప్రశ్నలు అడుగుతానంది అవతలి అమ్మాయి.

పాలు తాగిన పాప నా ఒళ్ళోనే నిద్రపోయింది. ఆ వెచ్చదనానికి నాకూ రెప్పలు వాలిపోతున్నాయి. పాప పుట్టినప్పటినుంచీ నా పగళ్ళన్నీ ఇలాగే, నీళ్ళలో తేలుతున్నట్టు. మాటలు ఎక్కడో ఒడ్డునుంచి వినిపిస్తాయి.

గది ఎలా ఉందని అడిగింది. ఫస్ట్ క్లాసన్నారు ఆయన. సోఫా సంగతి చెప్పమని వంటింట్లోంచి అత్తగారు అందించారు. ఆ సోఫాలోనే ఆయన ఆఫీసరు కూర్చుని కాఫీ తాగి వెళ్ళాడు. చిన్న గది చాలు, మిగిలిన డబ్బు కడితే మా అక్కని పురిటి గదిలోకి తోడు రానిస్తారట అని ముందే అడిగాను. "చూడ్డానికొచ్చే నలుగురూ నీ పురిటి గదిలోకొస్తారా?" అన్నారు ఆయన.

సోఫా ఉన్న గది పైన. కన్నది కింద. పైన గదులకు రకరకాల ధరలు. కింద పురిటి గదంటే అందరికీ ఒకటే హాలు, మంచాల మధ్య ఆకుపచ్చ తెర. నేను అరిస్తే నర్సు, "అంత పెద్ద రూమ్ తీసుకున్నవాళ్ళు ఇలా అరుస్తారా అమ్మా?" అంది. తెర అవతల ఎవరో మూలిగితే, "నోరు మూసుకో" అంది. మేం కట్టిన డబ్బుకు కింద నాకు దక్కింది ఆ ‘అమ్మా’ ఒక్కటే.

తర్వాత ఎంతసేపో తెలీదు. కప్పు మీది దీపం కరిగి జారుతున్నట్టుంది. గోడలు దూరం జరిగిపోయాయి. అక్కా అని పిలిచాను, లేదా పిలిచాననుకున్నాను. అప్పుడు తెర చాటునుంచి ఒక చెయ్యి వచ్చింది. గరుకైన అరచెయ్యి, బొటనవేలి పక్కన కాలిన మచ్చ. పట్టుకున్నాను. ఎవరికి నొప్పి వస్తే వాళ్ళం గట్టిగా నొక్కేవాళ్ళం. కాసేపటికి ఏ నొప్పి ఎవరిదో తెలియలేదు. ముఖం మాత్రం చూడలేదు. కాన్పయ్యాక నన్ను పైకి తీసుకుపోతుంటే ఆ చెయ్యి ఇంకా తెర ఇవతలే ఉంది, ఖాళీగా.

నొప్పుల సమయంలో తోడుగా ఉండి ధైర్యం చెప్పారా అని అడుగుతోంది ఆ అమ్మాయి. బ్రహ్మాండంగా చూసుకున్నారన్నారు, ఆ హాలు గుమ్మం తొక్కని మా ఆయన.

"లాస్ట్ క్వశ్చన్ సర్. మళ్ళీ కాన్పుకి మా దగ్గరికే వస్తారా?"

"ఎందుకు రాం, అమ్మా? ఈసారి మగపిల్లాడు, ఇంకా పెద్ద గది," అని నవ్వారు.

నా నిద్ర ఎగిరిపోయింది. పాపని భుజాన వేసుకుని చెయ్యి చాపాను.

"అయిపోయిందిగా, నువ్వు పడుకో," అన్నారు.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాస్త చూసి, ఫోన్ ఇచ్చారు.

"సర్?" అంది ఆ అమ్మాయి.

"కన్నది నేనండీ. ఆ రోజు తెర అవతల ఉన్నావిడకి ఫోన్ చేశారా?"

ఆ అమ్మాయి తడబడింది. పై గదులవాళ్ళకే చెయ్యమన్నారట.

"అయితే ఇద్దరి మాటా నేనే చెప్తాను. మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ అడగండి."