తణుకు ప్రెస్సులో నా తెరచాటు బతుకు

నేను ఒక తెరచాటు జీవిని. కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లందరూ నేను చూపించినవే చూస్తారు గానీ, నన్ను చూశామని చెప్పేవాళ్లు మాత్రం ఎక్కడా దొరకరు. తెర మీద ఏ కిటికీ ఎక్కడ తెరుచుకోవాలో, దేని మీద దేన్ని కప్పాలో, మీరు నొక్కిన మీట ఏ కిటికీకి చేరాలో చూసుకోవడం నా పని. నా పేరు ఎక్స్. పేరు పెట్టినవాళ్లు ఒక్క అక్షరంతో సరిపెట్టేశారు. లినక్స్ అనే ఉచిత వ్యవస్థతో నడిచే కంప్యూటర్లు ఉన్నచోటల్లా ఏళ్ల తరబడి ఈ చాకిరీ నాదే.

పుట్టింది ఎక్కడో దూరదేశపు విశ్వవిద్యాలయంలో. అయితే నన్ను పెంచింది ఫలానావాళ్లని చెప్పడం కష్టం. నన్ను ఎవరైనా విప్పి చూడవచ్చు, దిద్దవచ్చు, పదిమందికీ ఊరికే పంచిపెట్టవచ్చు. అందుకని ఒకరి ముఖం ఒకరికి తెలియనివాళ్లు ఎందరో తలా ఒక చెయ్యి వేశారు. ఒకరు వేసిన అతుకు మీద ఇంకొకరు అతుకు వేసేవారు. చివరికి అందరూ కలిసి, ఇదేం బొంత అని నన్నే విసుక్కునేవారు. నాకేమీ కోపం రాలేదు. విసుక్కుంటూనే దిద్దేవాళ్లు కదా, వాళ్లంటే నాకు ఇష్టమే.

తణుకుకి నన్ను తెచ్చినవాడు కరీముల్లా. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు. సెలవు దొరికితే చాలు, సంచిలో డిస్కులు వేసుకుని ఊరి మీద పడి, మొరాయించిన కంప్యూటర్లకు లినక్స్ ఎక్కిస్తూ తిరుగుతాడు. అలా నన్ను భద్రరాజు గారి ప్రెస్సులో దింపాడు. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు వేసే చిన్న ప్రెస్సు అది. అక్కడ టైపు చేసేది సుభాషిణి గారు. కరీముల్లాది ఆవిడ ఉండే వీధే. ఆవిడను అక్కయ్యా అని పిలుస్తాడు.

ఆవిడ కుర్చీలో కూర్చుంటే నాకు పండగే. రాజుగారు పెళ్లివారి కాగితం చదువుతూ ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఈవిడ తర్వాతి పేరు కోసం ఎదురు చూస్తుండేవారు. ఆవిడ వాడే తెలుగు కీబోర్డులో గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు ఉంటాయి. ఒక చెయ్యి హల్లు వేస్తే రెండోది గుణింతం తొడుగుతుంది. ఇద్దరు కలిసి ఒకే రోట్లో వంతులవారీగా దంచుతున్నట్టు ఉండేది ఆ చప్పుడు.

ఒక వేసవిలో ఆవిడకు పక్షవాతం వచ్చింది. ప్రాణగండం తప్పింది, మెల్లగా నడక కూడా వచ్చింది. ఎడమచెయ్యి మాత్రం ఒళ్లో పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. తెలుగులో సగం అక్షరం ఆ చేతిలోనే ఉందని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

కరీముల్లా ఊరుకోలేదు. ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. కుడి బొటనవేలితో స్పేస్ నొక్కి పట్టుకుంటే, కుడివైపు మీటలు ఎడమవైపు మీటల పని చేస్తాయి, అద్దంలో చూసినట్టు అటుదిటు చేసి. ఆ ప్రోగ్రాం నా గుమ్మంలో నిలబడి, ఆవిడ నొక్కిన మీటను అందుకుని, మార్చి, మళ్లీ నా చేతికే ఇచ్చేది. నువ్వెవరు, నీకెందుకు అని నేను ఎవరినీ అడిగేదాన్ని కాదు. నా ఇంటికి తలుపులు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటాయి. మొదట్లో ఆవిడ అక్షరాభ్యాసం నాటి పిల్లలా ఒక్కో అక్షరం వెతుక్కున్నారు. వానలు వెలిసేసరికి మళ్లీ రాజుగారిని తొందరపెట్టడం మొదలుపెట్టారు. నా జీవితంలో గర్వపడ్డ రోజులంటే అవే.

తలుపులు బార్లా తీసి ఉంటే చుట్టాలే కాదు, దొంగలూ వస్తారు. ఒక కిటికీలో రాసే రహస్యాన్ని పక్క కిటికీలోని ప్రోగ్రాం చూడాలనుకుంటే నేను అడ్డు చెప్పను. ఇది మంచిది కాదని నన్ను పెంచినవాళ్లకే అనిపించి, పునాది నుంచి కొత్తగా ఇంకొకదాన్ని కట్టుకున్నారు. దాని పేరు వేలాండ్. ఎవరి కిటికీ వారిదే. ఒకరి మీటలు ఇంకొకరు వినడానికి లేదు. ఆ క్రమశిక్షణ చూస్తే నాకు ముచ్చటగానూ ఉండేది, కొంచెం భయంగానూ ఉండేది.

భద్రరాజు గారు రంగులు బాగా కనిపించాలని, సన్నటి చుక్కలు దట్టంగా ఉండే ఒక పెద్ద తెర కొనడంతో నా బండారం బయటపడింది. పాత తెరకీ కొత్త తెరకీ ఒకే కొలత వాడడం నా అలవాటు. పెద్దదాని మీద అక్షరాలు చీమల్లా వచ్చాయి. సుభాషిణి గారు కళ్లు చికిలించుకుని ముక్కు తెరకు ఆనించేవారు. వేలాండ్ అయితే దేనికి తగ్గ కొలత దానికి ఇస్తుందని కరీముల్లా చెప్పాడు. పండక్కి అందరికీ కొత్త బట్టలు వస్తాయి కదా, కంప్యూటర్‌కి కూడా రానివ్వండి అన్నారు రాజుగారు.

ఆ పండగ దసరా. పూజ ముందురోజు మధ్యాహ్నం కరీముల్లా వచ్చి కొత్తది ఎక్కించాడు. నన్ను పూర్తిగా వెళ్లగొట్టలేదు. పేజీలు కూర్చే పాత ప్రోగ్రాంకి వేలాండ్ మాట అర్థం కాదు. దానికోసం నాకు లోపల ఒక చిన్న గది ఇచ్చారు. ఇంటివాళ్లుగా ఉన్నవాళ్లం అద్దెకు దిగినట్టయింది. కరీముల్లా ఒక శుభలేఖ మొత్తం టైపు చేసి చూసుకున్నాడు. రెండు చేతులున్నవాడు రెండు చేతులతోనే పరీక్షించాడు. ఏ లోపమూ కనపడలేదు. సుభాషిణి గారిని ఒకసారి చూడమంటే, మిషన్లకు దగ్గరుండి బంతిపూల దండలు వేయిస్తున్నారు, పూజయ్యాక చూస్తానన్నారు. పూజయ్యాక ఎలా చూస్తారు? ఆయుధపూజలో కుంకుమ బొట్టు పెట్టిన పనిముట్టును ఆ రోజు ఎవరూ ముట్టుకోరు. నా తెరకూ బొట్టు పెట్టారు, కీబోర్డు మీద పువ్వు పెట్టారు. అందరం హాయిగా విశ్రాంతి తీసుకున్నాం.

మర్నాడు పొద్దున్నే కార్తీకమాసం పెళ్లివారు వచ్చి కూర్చున్నారు. సుభాషిణి గారు పువ్వు తీసి పక్కన పెట్టి టైపు మొదలుపెట్టారు. నా చిన్న గదికి వచ్చిన మొదటి మాట "శ పభల తఖ". ఆవిడ కొట్టింది శుభలేఖ. గుణింతం రావలసిన చోటల్లా ఒక ఖాళీ, దాని పక్కన సంబంధం లేని ఒక హల్లు. కరీముల్లా ప్రోగ్రాం పాపం గుమ్మం దాకా వచ్చింది, వేలాండ్ లోపలికి రానివ్వలేదు. మీట నా గదికి చేరేసరికే అది ఏ అక్షరమో ఖరారైపోయి ఉంది. తప్పని తెలిసి కూడా నేను దాన్నే తెర మీద పెట్టాల్సి వచ్చింది. ఆవిడ మళ్లీ కొట్టారు, మళ్లీ అదే. పెళ్లివాళ్లు ఆవిడ భుజం మీదుగా తొంగి చూశారు. ఆవిడ చెయ్యి కీబోర్డు మీదనుంచి ఒళ్లోకి, రెండో చేతి పక్కకి వెళ్లిపోయింది. నా గుండె తరుక్కుపోయింది. గుండె ఎక్కడిదని అడక్కండి.

పెళ్లివారిని సాయంత్రం రమ్మని పంపేసి, రాజుగారు కుర్చీ దగ్గరకు జరుపుకుని మెత్తగా మాట్లాడారు. ఆయన మంచివారు. చిక్కంతా అక్కడే ఉంది.

"పోన్లెండమ్మా. ఇన్నాళ్లూ కష్టపడ్డారు. టైపుకి ఇంకెవర్నైనా చూద్దాం. మీరు కౌంటర్లో హాయిగా కూచోండి, జీతం ఎక్కడికీ పోదు."

"కూచోడానికి మా ఇంటి ముందు అరుగుందండీ రాజుగారూ. నేనిక్కడికొచ్చేది టైపు చెయ్యడానికి."

కబురందుకుని కరీముల్లా వచ్చాడు. విషయం తెలియగానే అతని ముఖం పాలిపోయింది. "రెండు చేతులూ పెట్టి చూశానక్కయ్యా. నీ చెయ్యి సంగతి నాకు గుర్తే రాలేదు" అన్నాడు.

ఆవిడ "గుర్తు రానంత బాగా చేస్తున్నానన్నమాట" అన్నారు. అన్నాక కళ్లు తుడుచుకున్నారు.

కంప్యూటర్ తెరిచేటప్పుడు అడుగున ఒక చిన్న చక్రం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే పాతదాన్ని ఎంచుకోవచ్చు. కరీముల్లా నన్ను అలా మళ్లీ పైకి పిలిచాడు. పెళ్లివారి కార్డు ఆ సాయంత్రానికి పూర్తయింది. చీమల్లాంటి అక్షరాలతోనే అనుకోండి. నేను తెగ మురిసిపోయాను. ఇక ఇలాగే ఉంచేద్దామని కరీముల్లా అంటే, ఎన్నాళ్లుంటుందని ఆవిడ అడిగారు. తర్వాతి విడతలో తాను ఎక్కించే లినక్స్‌లో ఈ చక్రం కింద పాతది ఉండకపోవచ్చని, అందాకా నడుస్తుందని అతను నిజమే చెప్పాడు.

"నా చేతికి గడువు పెట్టుకుని నేను పని చెయ్యలేను తమ్ముడూ. కొత్తదాన్లోనే దారి చూడు" అన్నారావిడ.

ఆ మాటకు నాకు చివుక్కుమంది. ఆలోచించుకుంటే ఆవిడదే న్యాయం అనిపించింది. నేను ఆవిడకు ఎంత అలవాటైనా, ఆవిడ బతుకు నాతో పాటు ముసలిదైపోనక్కర్లేదు.

ఆ ఆదివారం కరీముల్లా తన ఎడమచేతిని తువ్వాలుతో కుర్చీకి కట్టించుకున్నాడు. కట్టింది రాజుగారే. వెనకటి ప్రోగ్రాంని నా గుమ్మంలోనూ కాదు, వేలాండ్ గుమ్మంలోనూ కాదు, కీబోర్డు పాదాల దగ్గర కూర్చోబెట్టాడు. మీట మాలో ఎవరి దగ్గరకైనా రాకముందే మారిపోతుంది, ఎవరి ఇంటి నియమం వారిది చెడకుండా. ఒంటిచేత్తో టైపు చేస్తూ అతను చెమటలు కక్కాడు. రాజుగారు కూడా సరదాకి ఒకసారి కూర్చుని, తన పేరు పూర్తి కాకముందే లేచిపోయారు. తర్వాత సుభాషిణి గారిని చూసిన చూపులో జాలి లేదు.

చివరికి ఆవిడ కూర్చున్నారు. బొటనవేలు స్పేస్ మీద ఒక్క క్షణం ఎక్కువ నిలిస్తే తప్పు పడుతోందన్నారు, అతను సవరించాడు. మళ్లీ కొట్టారు, మళ్లీ సవరించాడు. మధ్యలో టీలు వచ్చాయి, చల్లారాయి. ఎవరూ తాగలేదు.

సోమవారం ఆవిడ తానే వేలాండ్‌ని ఎంచుకుని లోపలికి వచ్చారు. నేను నా చిన్న గదిలో కాచుకుని కూర్చున్నాను. మొదటి పేరు వచ్చింది. హల్లు వెంట గుణింతం, గుణింతం వెంట హల్లు, ఏ ఖాళీ లేకుండా, ఆవిడ చేతి వేగంతోనే వచ్చింది. నేను దాన్ని పేజీ మీద పెట్టాను. పెద్ద తెర మీద అక్షరాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. రాజుగారు ఊపిరి తీసుకోవడానికి ఆగితే, తర్వాతి పేరు చెప్పమని ఆవిడ విసుక్కున్నారు.

మధ్యాహ్నం కరీముల్లా కాలేజీ నుంచి పరుగున వచ్చాడు. కొత్తది ఎలా ఉందక్కయ్యా, పాతదానికీ దీనికీ తేడా ఏమైనా ఉందా అని అడిగాడు.

ఆవిడ తల కూడా ఎత్తలేదు. "ఏమో తమ్ముడూ, చూసుకోలేదు. ఈ కార్డు అయిపోవచ్చింది."

తెరచాటున ఉండే మా జాతికి ఇంతకన్నా గొప్ప మాట లేదు. అది వేలాండ్‌కి మొదటిరోజే దక్కింది. నాకు కొంచెం అసూయ వేసింది, చాలా సంతోషం కలిగింది. ఈలోగా పెళ్లికూతురి తాతగారి పేరు వచ్చేసింది, దాన్ని అందుకున్నాను.