నూలు కావల్ల

నా మీద నాకే అసహ్యం పుట్టిన రోజు గురించి చెబుతాను.

కడపలో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేశాను. సాయిప్రసాద్ సార్ మొదటి వారమే ఫ్లాస్క్ అనే ప్రోగ్రామింగ్ పనిముట్టు నేర్పాడు. ఐదు వరుసలు రాస్తే చాలు, వెబ్ సర్వీసు లేచి కూర్చుంటుందన్నాడు. నిజంగానే కూర్చుంది. ఫోన్లో ఆ మాట చెబితే మా అమ్మ మల్లక్క, "టీ పోసుకునే ఫ్లాస్కుకు గూడా సదువులుండాయా పాపా?" అంది.

ఆ సారుకు మా మాటంటే రోత. "సార్, సర్టిఫికెట్ కావల్ల" అని నేనంటే, క్లాసంతా నవ్వేదాకా ఆగి, "కావల్ల కాదమ్మా, కావాలి. ఈ యాసతో ఇంటర్వ్యూకు పోతే గేటు దగ్గరే ఆపేస్తారు" అన్నాడు. ఆయనదీ ఈ జిల్లానే. హైదరాబాదులో రెండేళ్లుండి నోరు కడుక్కొచ్చాడు. ఆయన్ని చీదరించుకుంటూనే నేనూ కడుక్కున్నాను.

ఊరికొచ్చాక చేనేత సంఘం కార్యదర్శి లింగన్న ఒక పని అప్పజెప్పాడు. నూలు లోడు వచ్చేరోజు నలభై ఆరు మగ్గాల ఇళ్లకూ "నూలు కావాలా?" అని మెసేజ్ పోవాలి. మధ్యాహ్నంలోగా వచ్చిన జవాబులను బట్టి ఎవరికి దింపాలో జాబితా తయారవ్వాలి. ఆ లోడు తప్పితే మగ్గం నెల రోజులు ఆగిపోతుంది. ఫ్లాస్క్‌లో ఒక్క పూటలో రాసేశాను. జవాబులో "కావాలి" ఉంటే జాబితాలోకి, లేకుంటే వద్దన్నట్టు లెక్క. నా ఫోన్ నుంచే ఐదారుసార్లు "కావాలి" అని పంపి చూసుకుని మురిసిపోయాను.

లోడు వచ్చింది. జాబితాలో ఐదే ఇళ్లు. "మిగతావాళ్లకు పాత నూలు ఉండాదేమోలే హేమావతీ" అంటూ లింగన్న లారీని పక్క ఊరి సంఘానికి పంపేశాడు. మిషను తప్పు చెప్పదని నా పొగరు. జాబితాలో మా ఇల్లుందో లేదో కూడా చూడకుండా సరేనన్నాను.

ఇంటికొస్తే అమ్మ ఖాళీ మగ్గం ముందు కూర్చుని ఉంది. "నూలు యాడికి పాయె పాపా? పొద్దున్నే పంపిస్తి గదా" అని ఫోన్ చూపింది. "నూలు కావల్ల" అని ఉంది.

గబగబా కంప్యూటర్ తెరిచాను. కావల్ల. శానా కావల్ల. మాగ్గూడా కావల్లప్పా. నలభై ఒక్క ఇళ్లు నోరు తెరిచి అడిగితే, నలభై ఒక్కరికీ వద్దని రాసింది నేను. ఆ ఐదుగురూ బడికిపోయే పిల్లలతో రాయించినవాళ్లు. పుట్టినప్పటినుంచీ కావల్ల అని అడిగే కదా ఈ ఇంట్లో తిన్నాను! ఛీ, నాదీ ఒక చదువేనా?

సంఘానికి పరుగెత్తాను. సరుకు అప్పటికే పక్క ఊళ్లో దించేశారట.

తిరిగొచ్చి, తప్పు నాదేనని అమ్మకు చెప్పాను. ఆమె నమ్మలేదు.

"నువ్వు సదువుకున్న దానివి, తప్పెట్ల రాస్తావు? మా మాటే మొరటు."

పళ్లెం నా ముందు పెట్టింది. సంగటి ముద్ద చేత్తో తీసుకుని ఆగిపోయింది. ఆఫీసరును అడుగుతున్నట్టు, తడుముకుంటూ అడిగింది.

"పెట్టల్... పెట్టాలా, పాపా?"