నా దగ్గర బాగానే నడుస్తోందిగా!

“నీ చెయ్యి పడిందంటే చాలు, మంచి మిషను కూడా మంచమెక్కుతుంది,” అన్నాడు భర్త, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ. పెట్టుకుంటూ అని మాటవరసకి అనుకోవడమే గానీ, డబ్బా సర్దింది ఆమే, సంచి అందించిందీ ఆమే, మూత సరిగ్గా బిగిసిందో లేదో చూసిందీ ఆమే. దారిలో మూత ఊడి పులుసు కారితే ఆ నింద కూడా ఆ చేతికే కదా! “రాత్రి నేను కూర్చుంటే బుద్ధిగా ఆన్ అయింది. పొద్దున నువ్వు కూర్చుంటే మొరాయిస్తుంది. నా దగ్గర బాగానే నడుస్తోందిగా! మరేమంటావు?” అని నవ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఏమంటుంది? ఆయనన్నది నిజమే. అదే కదా ఆమె ఏడుపు.

ఆ కంప్యూటరు పాతది. డబ్బా అంత మానిటరు కాకపోయినా డబ్బా అంత పెట్టె, దాని ఫ్యాను రొద వంటగదిలోకి వినిపిస్తుంది. ఇంట్లో అందరూ దాన్ని ఎప్పుడో వదిలేశారు. ఆమె మాత్రం వదల్లేదు. దుప్పట్ల మీద, కర్టెన్ల మీద అచ్చువేసే పూల డిజైన్లు గీసే సాఫ్ట్‌వేరు ఆ ఒక్కదాంట్లోనే పనిచేస్తుంది, కొత్తవాటిలో తెరుచుకోదు. అచ్చు వర్క్‌షాపు ఓనరమ్మ ఇచ్చే డిజైన్లు ఆమె అందులోనే గీస్తుంది. పెళ్లయ్యాక ఆమెకంటూ మిగిలిన పని అదొక్కటే. అత్తగారు దాన్ని “ఆ బొమ్మలు” అంటుంది, భర్త “నీ టైంపాస్” అంటాడు, కూతురు మాత్రం “అమ్మ పూలు” అంటుంది. కొన్ని వారాలుగా ఆ పూలు వాడిపోతున్నాయి. ఆమెకి తీరిక దొరికేది పగలు. పగలు అది ఆన్ కాదు. తెర మీద ఆ గుండ్రటి చక్రం కాసేపు తిరుగుతుంది, తరవాత అదీ ఆగిపోతుంది, ఇక బండరాయే. సాయంత్రం భర్త వచ్చి ఒక్క బటన్ నొక్కితే చక్కగా లేచి కూర్చుంటుంది. అప్పుడేమో హోంవర్కు, వంట, రేపటి కూరగాయలు, అత్తగారి మందులు. మొన్న ఓనరమ్మ ఫోన్లో మెత్తగానే చెప్పింది. “ఏమనుకోకమ్మా, ఈ పెద్దపూల దుప్పటి కూడా ఆలస్యమైతే ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తాను. ఎల్లుండి సాయంత్రంలోగా పంపు.” ఆ గడువు ఇవాళే. సగం గీసిన ఆ దుప్పటి ఆ మొండి పెట్టెలోనే ఉంది.

మెకానిక్‌ని పిలవలేదా అంటే పిలిచారు. సాయంత్రం వచ్చాడు, ఎందుకంటే భర్త ఇంట్లో ఉండేది సాయంత్రమే. ఆన్ చేశాడు, అయింది. ఆపి మళ్లీ ఆన్ చేశాడు, మళ్లీ అయింది. ఎదురుగా నిలబడ్డ ఆమెని వదిలేసి భర్త వైపు తిరిగి, “సిస్టమ్‌కేం లేదు సార్. మేడమ్‌గారికి వాడటం కొంచెం నేర్పించండి,” అన్నాడు. మగవాళ్లిద్దరూ హాయిగా నవ్వుకున్నారు, ఆమె పెట్టిన టీ తాగుతూ. ఆ తరవాత ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ అదొక కథ అయిపోయింది. వినగా వినగా ఆమెకీ అనుమానం పట్టుకుంది. బటన్ నొక్కే ముందు చెయ్యి కొంగుకి తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఎడమచేత్తో నొక్కి చూసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి.

ఇవాళ కూడా బియ్యం పొయ్యి మీద పడేసి వచ్చి నొక్కింది. చక్రం తిరిగింది, ఆగింది. ఎక్కడ లేని ఒళ్లుమంట వచ్చింది ఆమెకి. “నీ మొహం మండ!” అని పెట్టెని తిట్టి, ఫోను తీసుకుని ఇలాంటి పెట్టెలతో తలలు బాదుకున్నవాళ్లు ఏం రాసుకున్నారా అని వెతికింది. ఒకరెవరో రాశారు. ఏది పాడైందో తెలియనప్పుడు అన్నీ తీసేసి, ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడమని. చదవగానే నవ్వొచ్చింది. ఇదేనా! కూతురికి ఒంటినిండా దద్దుర్లు వచ్చినప్పుడు ఏ తిండి పడటం లేదో ఇలాగే కదా కనిపెట్టింది! అన్నీ మాన్పించి, ఒక్కొక్కటే పెట్టి, పిల్ల చర్మం చూసుకుంటూ. అప్పుడెవరూ దాన్ని తెలివి అనలేదు, ‘తల్లిప్రాణం’ అన్నారు.

ఆపి, మళ్లీ ఆన్ చేసి, అందులో చెప్పినట్టే కీబోర్డు పైవరసలో మీట టకటకా నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ‘సేఫ్ మోడ్’ ఎంచుకుంది. అంటే పైపై హంగులేవీ లేకుండా, ప్రాణం నిలవడానికి కావలసినవాటితోనే లేవమని. చక్రం లేదు, గొడవ లేదు, పెద్ద పెద్ద అక్షరాలతో తెర తెరుచుకుంది. పగలు! ఆమె చేతి కింద! “అత్తయ్యా!” అని అరిచింది, ఎందుకు పిలిచిందో తనకే తెలియకుండా.

“ఏమయింది? షాక్ కొట్టిందా?” అంటూ అత్తగారు చేతిలో బఠాణీకాయతోనే పరుగెత్తుకొచ్చింది.

“లేచింది అత్తయ్యా! ఇదిగో చూడండి!”

“లేస్తే లేచింది. దానికింత గావుకేకా?” అంది గానీ వెళ్లలేదు అత్తగారు. కుర్చీ లాక్కుని కూర్చుంది. మధ్యాహ్నం సీరియల్ ఇంకా మొదలవలేదు మరి.

ఆమెకిప్పుడు చేతులు ఆగడం లేదు. రెండోసారి నెట్‌వర్క్ కూడా కలిపి లేవమంది. చక్రం తిరిగింది, ఆగింది, బండరాయి. అబ్బ, ఎంత ఆనందం వేసిందో! ఆగిపోయినందుకు ఇంత ఆనందపడినవాళ్లు ఈ భూమ్మీద ఇంకెవరైనా ఉంటారా? దొంగ ఏ గదిలో ఉన్నాడో తెలిసిపోయింది. నెట్‌కి సంబంధించిందే! నెట్ అనగానే గుర్తొచ్చింది. హాల్లోంచి గోడవారన తాడులాంటి కేబుల్ వస్తుంటే చూడ్డానికి అసహ్యంగా ఉందని, ఒక ఆదివారం భర్త తన ఆఫీసులో పారేసిన కంప్యూటర్లోంచి వైర్‌లెస్ కార్డు ఊడబెరుక్కొచ్చి ఇందులో బిగించాడు. దాన్ని నడిపించే ‘డ్రైవర్’ ప్రోగ్రామ్ కూడా ఎక్కడిదో ఎక్కించాడు, ప్రతి ప్రశ్నకీ ‘ఓకే, ఓకే’ అని నొక్కుకుంటూ. మొండితనం మొదలైంది ఆ తరవాతే. మళ్లీ సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ కార్డుని పని మాన్పించి, మామూలుగా ఆన్ చేసింది. లేచింది!

“అయితే వాడు పెట్టిందాని వల్లేనా?” అంది అత్తగారు, కొడుకు మీద మాట పడుతుంటే కొంచెం నొచ్చుకుంటూ. “మరి వాడు కూర్చుంటే ఎలా లేస్తోందే?”

సరిగ్గా గురి చూసి కొట్టింది ముసలావిడ. ఆమె ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్టయింది. అవును, అదే కార్డు, అదే డ్రైవర్, సాయంత్రం ఆయన దగ్గర ఎందుకు ఆగదు? అంటే మళ్లీ చెయ్యేనా? ఆ కార్డుని తిరిగి పనిలో పెట్టింది. ఆన్ చేసింది, ఆగింది. ఇంకోసారి, అదే వరస. అత్తగారు విసుగెత్తి లేచిపోయింది. పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఏమిటి? ఎండా? వేడా? ఆయన ఒంట్లో అయస్కాంతం ఏమైనా ఉందా? కచ్చగా బటన్ మళ్లీ నొక్కింది, దాని వంక చూడకుండా. చూసేసరికి తెర మీద వాల్‌పేపరుగా పెట్టుకున్న ఆమె పూలు. లేచింది! అదే కార్డుతో! పగలు!

“అత్తయ్యా! మీరిప్పుడేం చేశారు?”

“నేనేం చెయ్యలేదమ్మా!” హాల్లోంచి అత్తగారి గొంతు భయంగా వచ్చింది. ఏళ్ల తరబడి ఆ మాట నాలుక చివరే పెట్టుకు బతికిన మనిషి గొంతు. “మా చెల్లితో వీడియోలో మాట్లాడదామని వైఫై పెట్టె స్విచ్చి వేశానంతే!”

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. రూటర్ స్విచ్చి! ఎవరూ వాడనప్పుడు దండగ అని పగలంతా ఆపేసి ఉంచడం ఆ ఇంట్లో అత్తగారు పెట్టిన పద్ధతి. కూతురు బడి నుంచి వచ్చి పాఠాలు చూసుకోవడానికి వేస్తుంది. భర్త వచ్చేసరికి అది వెలుగుతూనే ఉంటుంది. మెకానిక్ వచ్చినప్పుడూ వెలుగుతూనే ఉంది. ఆమె మాత్రం పద్ధతిగా కంప్యూటర్ ముందు ఆన్ చేసి, పని పూర్తయి పంపేటప్పుడే రూటర్ వేద్దామనుకునేది. కేబుల్ ఉన్నన్నాళ్లూ అలాగే సాగింది కూడా.

“మీ చెల్లెలికి తరవాత మాట్లాడతానని చెప్పండి అత్తయ్యా! స్విచ్చి ఆపండి!”

ఆపింది. ఆమె కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే చక్రం దగ్గరే ఆగిపోయింది. “ఇప్పుడు వెయ్యండి!” వేసింది. లేచింది. “ఆపండి!” ఆగింది. అత్తగారి కళ్లు మెరవడం మొదలుపెట్టాయి. కొంగు నడుముకి దోపి, స్విచ్చి దగ్గర కాపలాదారులా నిలబడింది. “ఇప్పుడు వెయ్యనా? వేస్తున్నానే! లేచిందా? లేచిందా?” అని ఒకటే కేకలు. మాడు వాసన గుప్పుమంది. “అయ్యో, అన్నం!” అని ఆమె వంటగదివైపు దూకబోతే, “మాడితే మాడిందిలే, ఇంకోసారి నొక్కు!” అంది అత్తగారు. ఆ ఇంట్లో ఆ మాట విన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

పొయ్యి ఆపొచ్చి అత్తగారికి అర్థమయ్యేలా చెప్పింది. ఈ డ్రైవర్ లేవగానే నెట్ కోసం వెతుకుతుంది, దొరక్కపోతే అక్కడే నిలబడిపోయి వెనకవాటినీ కదలనివ్వదు.

“అంటే గుమ్మంలో అడ్డంగా నిలబడి, తను లోపలికి రాకుండా వెనకవాళ్లనీ రానివ్వని చుట్టంలాగన్నమాట,” అంది అత్తగారు. “అయితే ఇందులో నీ చెయ్యేం లేదు కదే!”

“లేదత్తయ్యా,” అంది ఆమె. అని, తన రెండు అరచేతులూ చూసుకుంది. ఎంత పిచ్చిది! ఇన్నాళ్లూ ఈ చేతుల్ని కొంగుకేసి తుడిచింది. రోజూ ముందు రూటర్ వేసుకుంటే సరిపోతుంది, నిజమే. కానీ ఆమెకి సరిపెట్టుకోవాలనిపించలేదు. ఆ డ్రైవర్‌ని సమూలంగా తీసేసింది, కార్డు ఊడదీసి డ్రాయర్లో పడేసింది, మంచం కింద చుట్టచుట్టి ఉన్న కేబుల్ తెచ్చి హాలు పొడుగునా పరిచింది. రూటర్ ఆపేసి బటన్ నొక్కితే, ఎవరికోసమూ ఆగకుండా గబగబా లేచింది పెట్టె. పెద్దపూల దుప్పటిలో మిగిలిన ఆకులన్నీ మధ్యాహ్నమంతా కూర్చుని గీసింది. ఆకలి కూడా తెలియలేదు. పంపాక ఓనరమ్మ దగ్గర్నుంచి జవాబొచ్చింది. ‘అందింది. చాలా బాగుంది. తరవాతది కూడా నీకే.’ ఆ మాట అత్తగారికి చదివి వినిపించింది. అత్తగారు “ఊఁ” అంది. ఎందుకో అప్పటికే మాట తగ్గించేసింది ఆవిడ.

సాయంత్రం భర్త వస్తూనే హాల్లో కేబుల్ చూశాడు. “మళ్లీ ఈ తాడేమిటి?” అన్నాడు. ఆమె కార్డు సంగతీ స్విచ్చి సంగతీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. చెబుతున్నంతసేపూ కళ్లు వెలిగిపోతూనే ఉన్నాయి.

“ఓస్, అదా! డ్రైవర్ ప్రాబ్లమ్. చాలా చిన్న విషయం,” అన్నాడు సోఫాలో కూలబడుతూ. “ముందే చెప్పుంటే రెండు నిమిషాల్లో తేల్చేసేవాణ్ణిగా!”

“చెప్పాను. పగలు ఆగిపోతోందని రోజూ చెప్పాను,” అంది ఆమె. “మీరు మిషను గురించి ఒక్కమాటా అడగలేదు. నా చెయ్యి గురించే మాట్లాడారు.”

“అబ్బా, ఏదో సరదాకన్నానులే! దానికే ఇంత రాద్ధాంతమా?”

“మీ నాన్న కూడా సరదాకే అనేవారురా,” అంది అత్తగారు.

ఇద్దరూ అటు తిరిగారు. ఆవిడ బఠాణీలు వలుస్తోంది, తల ఎత్తకుండానే.

“నువ్వు పుట్టకముందు నా కుట్టుమిషను. ఎంతో ముచ్చటపడి కొనిపించుకున్నా. నేను కుడితే దారం పుటుక్కున తెగేది. షాపువాణ్ణి పిలిస్తే వాడు జానెడు గుడ్డ చక్కగా కుట్టి చూపించి, ‘మిషన్‌కేం లేదమ్మా’ అని పోయేవాడు. ‘నీ చేతికి కుట్టు రాసిపెట్టి లేదే’ అని మీ నాన్న అందరిముందూ అనేవారు. నేనూ అదే నిజమనుకున్నా. మిషను అటకెక్కింది. మీ బట్టలన్నీ దర్జీకే ఇచ్చాం.” పళ్లెం పక్కన పెట్టింది. “ఇవాళ ఆ స్విచ్చి దగ్గర నిలబడ్డప్పట్నించీ అదే తిరుగుతోంది బుర్రలో. వాడికీ నాకూ తేడా ఏమిటా అని. వాడు వచ్చినప్పుడల్లా జేబులోంచి తన సూది తీసి పెట్టుకుని కుట్టేవాడు. పోయేటప్పుడు దాన్ని తీసుకుని, నా సూది నాకు పెట్టేసి పోయేవాడు.”

ఆమె వెళ్లి, పెరటి గోడకి చేరేసిన నిచ్చెన తెచ్చి అటక కింద వేసింది.

“ఆగండాగండి, నేను దింపుతాను,” అంటూ లేచాడు భర్త.

“దింపడానికి మేమున్నాం,” అంది అత్తగారు, కొంగు మళ్లీ నడుముకి దోపుకుంటూ. “నువ్వు షాపు మూసేలోగా వెళ్లి ఒక కొత్త సూది పట్టుకురా.”