మూల విరిగిన సుత్తి

గాలివాన వెలిసిన పదో రోజున బీమా కంపెనీ సర్వేయరు వచ్చాడు. నిచ్చెన వేసుకుని బొత్తాలమ్మ ఇంటి కప్పు మీదికి ఎక్కాడు. కింద బొత్తాలమ్మ, ఆమె తమ్ముడు తలలెత్తి నిలబడ్డారు.

బడిపిల్లల చొక్కాలు కుట్టే ఆమెకు ఆ పేరు పెట్టింది వీధిలో పిల్లలే. ఎవరితో మాట్లాడుతున్నా పెదాల మధ్య ఒక బొత్తాం ఉంటుంది. ఆ రోజు మాత్రం లేదు. లోపల కుట్టుమిషను, దాని పక్కన గుడ్డ తానులు, కప్పు చిల్లుల మీద పరిచిన టార్పాలిన్ పట్టా కింద ముడుచుకుని ఉన్నాయి. బీమా సొమ్ము వస్తేనే ఇంటికి కప్పు. కప్పు పడితేనే మిషను తిరుగుతుంది. బడులు తెరవడానికి నెల కూడా లేదు.

"బెంగ పెట్టుకోకక్కా. ఇలాంటివి వంద చూశాను" అన్నాడు తమ్ముడు.

అతనిది పెంకులు నేసే పని. ఆ పని చేయి పట్టుకుని నేర్పింది ఆమె భర్త. ఆయన పోయాక పనిసంచీని సుత్తితో సహా తమ్ముడి చేతిలో పెట్టింది ఆమే. గాలివాన మర్నాడు పొద్దున్నే అతను పరుగున వచ్చాడు. "నువ్వు పక్కింట్లో కూర్చో అక్కా, దుమ్ము పడితే నీకు దగ్గు" అని పంపేసి, పూటంతా పైన పనిచేశాడు. ఆ ఠకఠకలు వింటూ ఆమె పక్కింటావిడతో, "చూశావా, వదులైన వాసాలన్నీ బిగిస్తున్నాడు. నాకు కొడుకులు లేని లోటు తీరుస్తున్నాడు" అని మురిసిపోయింది కూడా.

సర్వేయరు ఒక పెంకు చంకన పెట్టుకుని దిగాడు. చేతులు దులుపుకున్నాడు.

"పైకి ఎవరెక్కారమ్మా?"

"ఎందుకు బాబూ?"

"చూరు వెంట పద్దెనిమిది పెంకులు గాలికి పోయాయి. ఆ ముక్కలు మీ పెరట్లోనే ఉన్నాయి, కాదనను. మధ్యలో ఇంకో నలభై ఉన్నచోటే పగిలాయి. గాలి పెంకును లేపి అవతల పారేస్తుంది గానీ, కూర్చోబెట్టి నెత్తిన మొట్టికాయలు వెయ్యదు కదా?"

తమ్ముడు నవ్వాడు. "పిల్లులేమో సార్. ఈ వీధి పిల్లులు మేకల్లా బలిశాయి."

"సుత్తులు పట్టుకుని తిరుగుతున్నాయా?" అన్నాడు సర్వేయరు. అతను నవ్వలేదు. "చూడండమ్మా, కావాలని పగలగొట్టినవి ఒక్కటి కలిసినా కంపెనీ మొత్తం క్లెయిమే కొట్టేస్తుంది. మీ పేరు పక్కన దొంగ అని రాసుకుంటుంది. మీరే ఎవరినైనా ఎక్కించి కొట్టించారా?"

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. చెబుతాడు అనుకుంది. ఏదో ఒకటి చెబుతాడు, తప్పయిపోయిందంటాడు, పాతవే పగిలాయంటాడు, పైకెక్కింది నేనే అని మాత్రం అంటాడు.

తమ్ముడు సంచీని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"నాకేం తెలుసు సార్? అప్పుడు నేను ఊళ్ళోనే లేను. మొన్న వచ్చాను. అక్క ఎవరినెక్కించిందో ఏమో. ఒంటరి ఆడమనిషి, ఎవడో ఆశపెట్టి ఉంటాడు."

బొత్తాలమ్మ తమ్ముడి మీంచి చూపు తిప్పుకుంది. చూపు ఎక్కడ నిలపాలో తెలియక సర్వేయరు చేతిలోని పెంకు మీద నిలిపింది. అది పూర్తిగా పగల్లేదు. మధ్యలో చితికి, నాలుగు పలకల గుర్తు పడింది. నాలుగు పలకలే గానీ ఒక మూల లేదు.

ఆ మూల ఎప్పుడు పోయిందో ఆమెకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో భర్త చేతి నుంచి జారి గడప రాయి మీద పడింది ఆ సుత్తి. ఆయన దాన్ని పారెయ్యలేదు. "వీడు పన్నూడినోడు, అయినా కొరుకుతాడు" అని నవ్వేవాడు.

"చిన్నోడా" అంది ఆమె మామూలుగా. "మిషను బల్లకు మేకు లేచింది, గుడ్డలు చిరుగుతున్నాయి. సుత్తి ఇటివ్వు."

ఎన్నేళ్ళ అలవాటో, అక్క అడిగితే చెయ్యి దానంతటదే సంచీలోకి పోయింది. ఇచ్చేశాక గానీ అతని ముఖం మారలేదు.

ఆమె సర్వేయరు చేతిలోని పెంకు మీద సుత్తి ఆనించింది. కొంచెం తిప్పింది. కాజాలో బొత్తాం కూర్చున్నట్టు కూర్చుంది.

"ఇది మా ఆయన సుత్తి బాబూ. వీడు నా తోడబుట్టినవాడు. గాలివాన మర్నాడు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నా ఇంటి మీదే ఉన్నాడు. పక్కింటావిడను అడగండి."

తమ్ముడు అక్క వైపు ఒక అడుగు వేశాడు. "నీ కోసమే అక్కా! మొత్తం కొత్త కప్పు పడుతుందని..."

"మొత్తం కప్పు నేసే పని నీకే వస్తుందని" అంది ఆమె. "అదైనా మన్నిద్దును రా. అడిగి ఉంటే కొట్టొద్దని చెప్పి అన్నం పెట్టేదాన్ని. ఎవడినో ఎక్కించాను అన్నావే, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది నీకు?"

అతను సంచీ మూతి బిగించుకున్నాడు.

సర్వేయరు కాగితం మీద చాలాసేపు రాసుకున్నాడు. "జరిగింది జరిగినట్టు రాశానమ్మా. ఆ పద్దెనిమిదికైనా ఇస్తారో లేదో నేను మాట ఇవ్వలేను" అన్నాడు. ఆమె చదివి, కింద సంతకం పెట్టింది.

సర్వేయరు వెళ్ళాక తమ్ముడు చెయ్యి చాపాడు. "సుత్తి ఇవ్వక్కా. పని ఉంది."

"ఉండనీ."

"పెంకులు ఎవరు నేస్తారు నీకు?"

ఆమె లోపలికి వెళ్ళి, మిషను సొరుగులో బొత్తాల డబ్బా పక్కన సుత్తిని పెట్టి సొరుగు మూసింది. బయటికొచ్చి, నిచ్చెన లాక్కుని, చీర చెంగు బిగించి మొదటి మెట్టు ఎక్కింది. పైన కప్పు మీది పట్టా ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది.

"పడతావక్కా!" అన్నాడు కింద నుంచి. నిచ్చెన పట్టుకోబోయాడు.

"చెయ్యి తియ్యి" అంది ఆమె.