జోగారావు ఫియట్‌కు పద్నాలుగు డబ్బాలు

ఆదివారం ఉదయం జోగారావు లుంగీ ఎగగట్టి బనీనుతో వాకిట్లోకి వచ్చాడంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ సందువాళ్ళకు గడియారం చూసుకోవాల్సిన పని ఉండేది కాదు. సరిగ్గా ఏడు. ముదురాకుపచ్చ ఫియట్ పక్కన గోనెసంచి పరిచి, దానిమీద పద్నాలుగు డబ్బాలు వరసగా పేర్చేవాడు. బానెట్‌కు ఒకటి, తలుపులకు ఒకటి, బంపరుకు ఒకటి, అద్దాలకు ఒకటి, రెక్సిన్ సీట్లకు ఒకటి, టైర్లకు నల్లరంగు ఒకటి. తక్కినవి ఎందుకో ఆయనకే సరిగా గుర్తుండేది కాదు. ఆబిడ్స్‌లో దుకాణదారు "సార్, పైన ఇది పూయకపోతే కింద పూసింది వేస్టు" అన్నప్పుడల్లా ఇంకొకటి సంచిలో వేసుకుని వచ్చేవాడు.

కాకినాడ నుంచి వచ్చి ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా కుదురుకున్న మనిషి. పిల్లాజెల్లా లేరు. సెకండ్‌హాండులో కొన్న ఆ కారే ఆయన ముద్దూ మురిపెమూ. ఇంట్లోంచి బయటికి తీస్తే దుమ్ము పడుతుందని ఆఫీసుకు బస్సులోనే వెళ్ళేవాడు.

"మనం కారు కొన్నది ఎక్కడానికా, తోమడానికా?" అని భార్య సూర్యప్రభ అడిగేది.

ఆయన చెంబెడు నీళ్ళు బానెట్‌మీద పోసేవాడు. నీళ్ళు ముత్యాల్లా దొర్లి కింద పడేవి. చుక్క నిలిచేది కాదు. "చూశావా? మైనం పట్టించడమంటే అదీ!"

అది అరవై తొమ్మిదో సంవత్సరం. ఊరంతా జై తెలంగాణ నినాదాలతో అట్టుడికిపోతోంది. బళ్ళు మూతపడ్డాయి. ఆఫీసుల్లో సమ్మె. బయటి ప్రాంతం వాళ్ళు మా ఉద్యోగాల్లో కూర్చున్నారని కుర్రకారు రోడ్డెక్కితే, ఆ కూర్చున్నవాళ్ళలో జోగారావు కూడా ఒకడు. ఆయన పగలంతా రేడియో దగ్గర, సాయంత్రం కిటికీ దగ్గర గడుపుతున్నాడు.

జూన్ నెలలో ఒక బంద్ రోజున, పొద్దున్నే ఎదురింటి దేవానందం వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. ఆర్టీసీ డిపోలో మెకానిక్. తల్లి ఎలీశమ్మ, చెల్లెలు రెబెక్కతో ఉంటాడు. ఆ వేళ రెబెక్క పెళ్ళి.

"సార్, పరేషాన్ల ఉన్న. పది గంటలకు తుర్కయంజాల్ చర్చిగుడిల లగ్గం. మాట్లాడుకున్న టాక్సీ ఆయన బంద్ అని రానన్నడు. బస్సుల్లేవు. పాదర్‌కు పగటీలి పన్నెండుకు ఇంకో ఊర్ల ఇంకో పెండ్లున్నది, ఆగడు. జర మీ బండి..."

జోగారావు కళ్ళముందు సాగర్ రోడ్డు మట్టి, మల్లెపూల మరకలు, రెక్సిన్ సీటుమీద అత్తరు అన్నీ ఒకేసారి తిరిగాయి. "అంటే... బ్యాటరీ కొంచెం..." అని మొదలుపెట్టాడు.

"బ్యాటరీ దివ్యంగా ఉంది. నిన్న సాయంత్రమే స్టార్టు చేసి చూసుకున్నారు కదండీ," అంది సూర్యప్రభ లోపలి నుంచి. "అబ్బాయ్ దేవానందం, అమ్మాయిని తయారవ్వమను. ఈయన వస్తారు."

దేవానందం ఊపిరి పీల్చుకున్నాడు గానీ కదల్లేదు. "ఇంకొకటి సార్. ఎల్.బి.నగర్ కాడ పోరగాళ్ళు బండ్లు ఆపుతున్నరు. ముందల జై తెలంగాణ అని రాసుంటేనే ఇడుస్తరు. అట్టముక్క కడితే నమ్మరు, గిప్పుడే కట్టిండ్రంటరు. బండిమీదనే రాయాలె. తారు తేవాల్నా, సున్నం తేవాల్నా?"

జోగారావు బానెట్‌కు అడ్డంగా నిలబడ్డాడు. "తారు వద్దు! సున్నమా? బాబోయ్, సున్నం రంగును తినేస్తుందయ్యా!"

చివరికి సూర్యప్రభే ఉపాయం చెప్పింది. ముగ్గుపిండిని గంజిలో కలిపి రాస్తే తెల్లగా కనబడుతుంది, కడిగితే పోతుంది. జోగారావు చేతిరాత ఆఫీసంతటికీ పేరుమోసింది కాబట్టి రాసే పని ఆయనదే అయింది. తన కారుమీద ఇంకొకడు వంకరగా రాస్తే ఆయన చూడలేడు కూడాను. కుంచె ముంచి, ఊపిరి బిగబట్టి, బానెట్‌మీద అందంగా 'జై' అని దిద్దాడు.

'జై' మెల్లగా జారి బంపరుమీద పడింది.

మళ్ళీ రాశాడు. మళ్ళీ జారింది. గంజి ముద్దలు ముద్దలుగా దొర్లిపోతోంది. ఆ క్షణాన జోగారావుకు ఏడవాలో గర్వపడాలో తెలియలేదు. "చెప్పానా! ఏదీ నిలవదని చెప్పానా!" అన్నాడు వాకిట్లో వాళ్ళందరితో.

"నిలవాలె సార్ ఇయ్యాల," అన్నాడు దేవానందం. "ఎన్నిసార్లు పూసిండ్రు మైనం?"

"వారానికి నాలుగు పూతలు. మూడేళ్ళుగా."

దేవానందం వేలిగోరుతో బానెట్ అంచున కొంచెం గీరి చూశాడు. గోరు కింద సబ్బులా మైనం చేరింది. "ఇది బండి కాదు సార్, కొవ్వొత్తి."

జోగారావు గోనెసంచి పరిచి గబగబా డబ్బాలన్నీ తెచ్చాడు. ఒక్కొక్క డబ్బామీద రాసింది చదివాడు. మెరుపునిచ్చునది. మెరుపును నిలుపునది. మెరుపుపై మెరుపునిచ్చునది. పద్నాలుగింటిలో పూసేవే గానీ తీసేది ఒక్కటీ లేదు.

అంతలో ఎలీశమ్మ పట్టుచీరతోనే సీసాలో కిరసనాయిలు, గిన్నెలో వేడివేడి చాకలిసోడా నీళ్ళు పట్టుకుని వచ్చింది. "ఇంట్ల జిడ్డు పోవాలంటే ఏం జేస్తం? గిదే జేస్తం. పక్కకు జరుగు సారూ."

కిరసనాయిలు గుడ్డతో ఒకసారి, సోడానీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో ఇంకొకసారి. జోగారావు రెండోసారికి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి బానెట్ అసలు రంగు బయటపడింది. ఆయన అనుకున్నదానికంటే లేత పచ్చ, పసుపు ఛాయ లేని పచ్చ. ఈసారి అక్షరాలు కుదురుగా నిలిచాయి. 'జై తెలంగాణ' అని గుండ్రంగా, అన్నీ ఒకే ఎత్తులో.

తొమ్మిదింపావుకు బయలుదేరారు. వెనక తెల్లచీరలో రెబెక్క, ఎలీశమ్మ, సూర్యప్రభ. ముందు స్టీరింగు దగ్గర జోగారావు, పక్కన దేవానందం. "సార్, ఒక్క మాట. మీరు నోరు తెరవకుండ్రి. మీ 'అండీ' ఇన్నరంటే అయిపాయె."

జోగారావు పెదవులు బిగించి తలూపాడు.

ఎల్.బి.నగర్ దగ్గర, సాగర్ రోడ్డు చీలేచోట తారుడబ్బాలు, బండరాళ్ళు అడ్డం పెట్టి ఇరవైమంది విద్యార్థులున్నారు. బానెట్‌మీది రాత చూసి దారిచ్చేవాళ్ళే. కానీ ముందు నిలబడ్డ పొడుగాటి కుర్రవాడు లోపలికి తొంగిచూడ్డానికి వంగుతూ, చేతిలో ఉన్న రాయిని బానెట్‌మీద పెట్టబోయాడు.

"బాబూ, ఆ రాయి అక్కడ పెట్టకండి, గీత పడిపోద్దండీ!" అని జోగారావు కేకేశాడు.

 దేవానందం నుదురు కొట్టుకున్నాడు.

"ఓహో! గోదావరి సారా!" అన్నాడు కుర్రవాడు. చుట్టూ మనుషులు మూగారు. "మరి గీ రాత ఎవరు రాసిండ్రు?"

జోగారావుకు అబద్ధం ఏదీ తోచలేదు. "నేనేనండి."

"మనసుతోనే రాసిండ్రా?"

"మనసుతోనో కాదో చెప్పలేను బాబూ. భయంతో రాశాను. పెళ్ళికూతుర్ని మాత్రం మనసుతోనే తీసుకెళ్తున్నాను."

వెనక తలుపు తెరుచుకుంది. రెబెక్క చీరకుచ్చెళ్ళు పట్టుకుని రోడ్డుమీదికి దిగింది. "టైపు పాసై రెండేండ్లాయె. నౌకరి లేదు. జులూస్‌ల మీతోని నేను గూడ నడిచిన. ఇయ్యాల నా పెండ్లి. దారిస్తరా, లేకుంటే పాదర్‌ను ఈడికే తోల్కొస్తరా?"

కుర్రవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. పొడుగాటివాడు మాత్రం ఇంకా బానెట్‌నే చూస్తున్నాడు. "రాత మస్తుగున్నది సార్. మా బ్యానర్ చూడుండ్రి, కోళ్ళు గెలికినట్టున్నది. జర రాసిపెట్టి పోరాదు?"

అలా జోగారావు ఇస్త్రీ ప్యాంటు మడిచి నడిరోడ్డుమీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ముందు దారంతో గీతలు కొట్టండయ్యా, లేకపోతే అక్షరాలు కొండెక్కుతాయి," అని విసుక్కున్నాడు. ఏం రాయాలో వాళ్ళు చెప్పారు. 'ఇక్కడి కొలువులు ఇక్కడివారికే.' కుంచె ఒక్క క్షణం ఆగింది. అంటే తన కుర్చీయే! తలెత్తి చూస్తే రెబెక్క ఆయన వైపే చూస్తోంది. జోగారావు కుంచె మళ్ళీ ముంచి రాయడం మొదలుపెట్టాడు. 'కొలువులు' అన్న మాట చాలా అందంగా కుదిరింది.

"సార్, మీ కొలువు పోతే బోర్డులు రాసి బతకొచ్చు," అన్నాడు పొడుగాటివాడు, ఆయన్ను చెయ్యి పట్టి లేపుతూ. ఈసారి అందరూ నవ్వారు, జోగారావుతో సహా. రాళ్ళు పక్కకు జరిగాయి.

గుడి చేరేసరికి పదింపావు. పాదర్ సైకిలుమీద ఒక కాలు వేసి ఉన్నాడు. దిగాడు. రెబెక్కకూ, ఆ ఊరి బడిపంతులు స్తెఫనుకూ పెళ్ళయింది. కారుమీద పూలు పడ్డాయి, దుమ్ము పడింది, పెళ్ళివారి పిల్లలు అద్దాలన్నిటిమీదా వేళ్ళతో బొమ్మలు గీశారు. జోగారావు రెండుసార్లు లేవబోయాడు. సూర్యప్రభ రెండుసార్లూ చొక్కా పట్టి కూర్చోబెట్టి, ఆయన విస్తట్లో ఇంకొంచెం అన్నం పెట్టించింది.

తరవాతి ఆదివారం దేవానందం తనే వచ్చి గోనెసంచి ముందు చతికిలపడ్డాడు. ఒక్కొక్క డబ్బా మూత తీసి వాసన చూశాడు, వేళ్ళమధ్య రుద్దాడు. "సార్, కోపం చేయకుండ్రి. గీ అయిదు డబ్బాలల్ల ఉన్నది ఒకటే సరుకు. రంగులే వేరె."

"ఒకటేనా?" అన్నాడు జోగారావు. ఆయనకు దుకాణదారు నవ్వుమొహం గుర్తొచ్చింది.

"ఇది రంగును గీరుతది, పారేయుండ్రి. ఇది అద్దాలకట, సబ్బునీళ్ళు చాలు. ఇది దేనికో దీన్ని చేసినోనికే తెల్వాలె. బకెట్ నీళ్ళు, మెత్తటి సబ్బు, పాత పంచె గుడ్డ. మైనం ఏడాదికి రెండుసార్లు, పల్చగ. బంపరుకు ఈ డబ్బా ఉంచుకోండ్రి. అంతే."

పద్నాలుగులో రెండు మిగిలాయి. టైర్ల నల్లరంగును ఎలీశమ్మ తమ ట్రంకుపెట్టెకు పూయడానికి తీసుకుపోయింది. తక్కినవి కాలవ పక్క గుంతలోకి పోతుంటే జోగారావు కాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు. తరవాత లుంగీ ఎగగట్టి కారు కడిగాడు. ఎనిమిదింటికల్లా అయిపోయింది. ఏం చెయ్యాలో తోచక గేటు దగ్గర నిలబడితే, ఎదురింట్లోంచి, పుట్టింటికి వచ్చిన రెబెక్క, స్తెఫను బయటికి వస్తూ కనిపించారు. సరూర్‌నగర్‌లో చుట్టాలింటికి నడిచి పోతున్నారట.

"ఎండలో నడవడమేంటండీ, ఉండండి," అంటూ జోగారావు తాళంచెవి కోసం ఇంట్లోకి పరుగెత్తాడు.